అరటి బోదెను బెల్లం చేయబోయి

జనవరి 20

ప్రాజెక్టు టాపిక్ ఇవాళ ఖాయమైంది. వ్యవసాయ వ్యర్థాల నుంచి ఇథనాల్. సంతకం పెట్టే ముందు గైడ్ మేడం ఒక్కటే అడిగారు, "ఏ వ్యర్థం?" అని. గుంటూరులో పుట్టినవాణ్ణి, ఆలోచించకుండానే "మిరపకట్టె మేడం" అనేశాను. కాయ యార్డుకి పోతుంది, కట్టె గట్టున మిగులుతుంది. కొంత పొయ్యిలోకి పోతుంది, కొంత పొలంలోనే తగలబడుతుంది. దాన్ని పెట్రోల్లో కలిపే సరుకుగా మారిస్తే పేపర్లో ఫొటో పడుతుందని నా పార్ట్‌నర్ లెక్క.

బయటికొచ్చాక వాడే ఒక మాటన్నాడు. "ఒరేయ్, బెల్లం ఊట మూడు నాలుగు రోజుల్లో పొంగిపోద్ది. మనకి మేడం నాలుగు నెలలు ఎందుకిచ్చార్రా?"

సమాధానం తెలుసనుకుని చెప్పాను. బెల్లంలో చక్కెర సిద్ధంగా ఉంది, చక్కెర తిని ఇథనాల్ చేసే ఈస్టుకి వడ్డించిన విస్తరి. కట్టెలోనూ చక్కెరే ఉంది గానీ తాళం వేసి ఉంది. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. ఆ దండలు పక్కపక్కనే బిగిసి కట్టలు కట్టి ఉంటాయి. వాటి చుట్టూ హెమిసెల్యులోజ్ అనే ఇంకో రకం చక్కెరల దండ, ఆ సందుల్లో లిగ్నిన్ అనే బంక. పల్లెటూళ్లో తడిక మీద బంకమట్టి మెత్తిన గోడ చూశారుగా, అలాంటిదే: తడిక సెల్యులోజ్, మట్టి లిగ్నిన్. ముందు మట్టి రాల్చాలి, తర్వాత తడిక విప్పాలి, ఆఖరికి పూసలు విడదీయాలి. అప్పుడు గానీ ఈస్టు పని మొదలవదు.

ఇలా చెబుతుంటే చాలా తేలిగ్గా ఉంది.

జనవరి 29

కట్టెను పొడి చేయాలి. ప్రత్తిపాడు వైపు నుంచి తెప్పించిన పోయినేటి కట్టె, రెండు మోపులు. వీధి చివర పిండిమరకి తీసుకెళ్తే మరాయన ఒక కొమ్మ విరిచి వాసన చూసి, "రేపు పొద్దున ఈ వీధిలో అందరి రవ్వలోనూ కారమే వస్తుంది బాబూ" అని పంపించేశాడు. ఆయన అన్నది నిజమే. ల్యాబ్ మిక్సీలో వేశాక తెలిసింది. కొమ్మలకి అక్కడక్కడా ఎండిన కాయలు, తొడిమలు ఉండిపోయాయి. మూత తీయగానే నేను, పార్ట్‌నర్, అటెండర్ బాబాయ్ ముగ్గురం కారిడార్‌లోకి పరిగెత్తాం. పక్క ల్యాబ్‌లో వైవా జరుగుతోంది. అక్కడ కూడా తుమ్ములు.

మాస్కు ముందే పెట్టుకోవాల్సింది. అసలు ఏ మొక్క పొడికైనా పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 6

ఇవాళ చేసిన తప్పు రాసిపెట్టుకోవాలి, ఎవరైనా ఇదే పని చేయబోతే పనికొస్తుంది.

లిగ్నిన్ రాల్చడానికి కాస్టిక్ సోడా వాడుతున్నాం. 100 గ్రాముల పొడికి లీటరు ద్రావణం, అందులో 2 శాతం కాస్టిక్. అంటే 20 గ్రాములు. నానబెట్టడానికి గాజు బీకర్లు చాలక పార్ట్‌నర్ హాస్టల్ మెస్ నుంచి గిన్నె తెచ్చాడు. పది నిమిషాల్లో బుడగలు. వాడి మొహం వెలిగిపోయింది, "అప్పుడే పులుస్తోంది రా!"

పులవడం కాదు. అది అల్యూమినియం గిన్నె. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వదులుతుంది. మంట అంటుకునే వాయువు. పక్కనే బర్నర్ వెలుగుతోంది. మేడం వచ్చి బర్నర్ ఆపించి, కిటికీలు తెరిపించి, గిన్నెను ఆరుబయట పెట్టించి, అప్పుడు తిట్టారు. ఆ వరసలోనే. గిన్నె అడుగు బొబ్బలెక్కినట్టయింది. మెస్ వాళ్లకి కొత్తది కొనిచ్చాం. ఇకపై గాజు లేదా స్టీలు, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు.

ఫిబ్రవరి 17

మిరపకట్టె ఫలితం వచ్చింది. కాస్టిక్‌లో వేసి ఆటోక్లేవ్‌లో, అంటే ల్యాబ్ ప్రెషర్ కుక్కర్‌లో, 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికించి, కడిగి, ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉన్న, సెల్యులోజ్ దండను తెంపే సెల్యులేజ్ ఎంజైమ్ కొద్దిగా వేసి రెండు రోజులు ఉంచాం. లీటరుకి 3 గ్రాముల చక్కెర కూడా దాటలేదు. కట్టె కట్టెలాగే ఉంది. చెట్టు ముదిరేకొద్దీ లిగ్నిన్ పేరుకుంటుంది. మా మోపు ఏడాది నాటిది, ఎండిపోయి గట్టిపడిన కట్టె.

తోడుగా ఒక చిన్న సీసాలో అరటి బోదె పొడి కూడా పెట్టాం, మేడం పెట్టమన్నారని. అదే మందు, అదే ఉడుకు, అదే ఎంజైమ్. దాంట్లో 9 గ్రాములు దాటింది.

గుంటూరు పౌరుషం పక్కన పెట్టి బోదెకి మారిపోయాం.

ఫిబ్రవరి 23

కొల్లిపర మండలంలో మావయ్య తోట. తెనాలి నుంచి బండి మీద వెళ్లాం. అరటి ఒక్కసారే గెల వేస్తుంది. గెల దిగాక చెట్టుతో పని లేదు, పక్కన పిలక సిద్ధంగా ఉంటుంది. బోదెను నరికి ముక్కలు చేసి సాళ్లలోనే పడేస్తారు.

"వేస్టు కదా మావయ్యా, తీసుకెళ్తాం" అన్నాను.

"వేస్టని ఎవరన్నార్రా అల్లుడూ? కుళ్లి మళ్లీ చెట్టుకే పోద్ది" అన్నాడు.

ఆయన మాటలో సైన్సు ఉంది. బోదెలో పొటాషియం బాగా ఉంటుంది, అరటికి కావలసిందీ అదే. మనం సెమినార్లలో 'వ్యర్థం' అని సులువుగా అనేస్తాం గానీ పొలం నుంచి ఏది మోసుకుపోయినా రైతు ఖాతాలో ఖర్చు పడుతుంది. ఇంధనం తీశాక మిగిలే పిప్పిని, నీళ్లను తోటకే తిరిగి ఇవ్వాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కాస్టిక్ నీళ్లు ఇవ్వలేం, అది వేరే సంగతి. దాని దగ్గరికి వస్తాను.

గెలలు తూచే కాటా మీద బోదె పెడితే 22 కిలోలు. కత్తి దిగితే నీళ్లు కారాయి, పట్టలన్నీ గదులు గదులుగా, తేనెపట్టులా. కర పడి నా చొక్కా పోయింది, పార్ట్‌నర్ పాత లుంగీతో వచ్చాడు కాబట్టి బతికిపోయాడు. ఇంటికి తెచ్చాక అమ్మ మధ్యలో తెల్లటి దూట మాత్రం లాగేసుకుంది. "సైన్సుకి పైపట్టలు చాలు" అంది. రాత్రికి దూట ఆవపెట్టిన కూర. డేటాలో ఆ బరువు తీసేయాలి, 600 గ్రాములు.

ఫిబ్రవరి 27

డాబా మీద మూడు రోజుల ఎండ. మొత్తం ఎండాక తూచితే కిలోన్నర. మిగతాదంతా నీళ్లే. 7 శాతం దగ్గర తేలింది. ఇంతకాలం 'టన్ను బోదె' అని చదివినప్పుడల్లా కళ్లముందు ఒక గుట్ట కనపడేది. ఇప్పుడు ఒక ట్యాంకర్ కనపడుతోంది. దీన్ని లారీలో ఫ్యాక్టరీకి తోలడమంటే నీళ్లకి డీజిల్ ఖర్చు పెట్టడమే. తోటలోనే పిండి, ఎండబెట్టి పంపితే తప్ప గిట్టదు.

మార్చి 4

ఫ్రిజ్‌లో ఎంజైమ్ అయిపోయింది. కొత్త సీసా ధర చూసి మేడం, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడే అన్నారు, "పట్నంబజారులో దొరుకుతుంది, వెళ్లి తీసుకురా."

ట్రైకోడెర్మా విరిడె. మిరప రైతులకి చెప్పనక్కర్లేదు. వేరుకుళ్లు, ఎండుతెగులు రాకుండా పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి చల్లుతారే, ఆ పొడే. పురుగుమందుల కొట్లో కిలో ప్యాకెట్ తెచ్చాం. బూజు అది. సెల్యులోజ్‌ని కోసుకు తినడం దాని కులవృత్తి.

దీని వెనక కథ మేడం చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు కుళ్లిపోతుంటే, ఎందుకా అని వెతికితే దొరికిన బూజుల్లో ఒకటి ఇవాళ ప్రపంచంలో సెల్యులేజ్ తయారీకి మూలం. దాన్నీ చాలాకాలం విరిడె అనే పిలిచారు. 1977లో వేరే జాతి అని తేల్చి, దానిమీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరిట ట్రైకోడెర్మా రీసియై అన్నారు. గుడారాన్ని నాశనం చేసినదాన్నే ఇంధనం పనికి పెట్టారు. మా దగ్గరున్నది దాని చుట్టం.

గోధుమ పొట్టులో సగం బోదె పొడి కలిపి, తడిపి, ఆటోక్లేవ్ చేసి, చల్లారాక బూజు వేశాం.

మార్చి 12

మూడో రోజుకి తెల్లగా దూది పరిచినట్టు, అయిదో రోజుకి పచ్చగా. ఆ పచ్చదనం బీజాల రంగు. ఎనిమిది ఫ్లాస్కుల్లో రెండింటిలో నల్లమచ్చలు వచ్చాయి, వేరే బూజు దూరింది. పారేయబోతుంటే మేడం ఆపారు. "పక్కన పెట్టండి, ఏమో." ఫ్రిజ్ కింద అరలో పెట్టాం.

మిగతా ఆరింట్లో నిమ్మ ఉప్పుతో చేసిన బఫర్ (పులుపు మారకుండా పట్టి ఉంచే ద్రావణం) పోసి, కలిపి, పలచటి బట్టలో పిండితే టీ డికాక్షన్ రంగు నీళ్లొచ్చాయి. అదే మా ఎంజైమ్.

మార్చి 15

కడగడం గురించి ఎవరూ సరిగా రాయరు. పుస్తకాల్లో ఒక్క ముక్క: 'తటస్థమయ్యే వరకు కడగవలెను'. అంతే.

ఉడికిన బోదె నల్లటి కషాయంలో తేలుతుంటుంది. ఆ నలుపే కరిగిన లిగ్నిన్. బట్టలో పోసి పిండాలి, నీళ్లు పోయాలి, పిండాలి. పీహెచ్ కాగితం ముంచితే నీలం, అంటే కాస్టిక్ ఇంకా పోలేదు. మళ్లీ నీళ్లు. మళ్లీ నీలం. 100 గ్రాముల పొడికి ఎనిమిది లీటర్లు పట్టింది, చివరికి పీచు లేత గోధుమరంగులోకి, కాగితం ఆకుపచ్చలోకి వచ్చేసరికి. 100 గ్రాములు పెడితే 58 గ్రాములు మిగిలింది. పోయిన 42లో లిగ్నిన్ ఉంది, హెమిసెల్యులోజ్ ఉంది, బూడిద ఉంది.

ఆ నల్లనీళ్లు సింకులో పోయకూడదు. యాసిడ్‌తో తటస్థం చేసి డ్రమ్ములో పోస్తున్నాం. డ్రమ్ము నిండుతోంది. అటెండర్ బాబాయ్ రోజూ దాన్ని చూసి నిట్టూరుస్తున్నాడు.

మార్చి 19

58 గ్రాముల పీచు, లీటరు ద్రావణం, పీహెచ్ 4.8, 50 డిగ్రీలు, 48 గంటలు. మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది.

డీఎన్‌ఎస్ పరీక్ష చేశాం. చక్కెర ఉంటే పసుపు ద్రావణం ఎర్రబడుతుంది, ఎంత ఎరుపో చూసి ఎంత చక్కెరో లెక్కకడతారు. మాది ఇటుక రంగు. లీటరుకి 19 గ్రాములు! మేడం కూడా నవ్వారు. సాయంత్రం బేకరీ ఈస్టు వేసి, సీసాకి సెలైన్ పైపు తగిలించి, పైపు కొస నీళ్ల గ్లాసులో ముంచి ఇంటికెళ్లాం.

మార్చి 21

ఇక్కడ ఒక చిట్కా. ఇథనాల్ ఎంత వచ్చిందో తెలియడానికి వెంటనే బట్టీ పెట్టనక్కర్లేదు. ఒక గ్లూకోజ్ అణువు విరిగితే రెండు ఇథనాల్, రెండు కార్బన్ డయాక్సైడ్. వాయువు పైపులోంచి పోతుంది, సీసా ఆమేరకు బరువు తగ్గుతుంది. 44 గ్రాముల వాయువు పోతే 46 గ్రాముల ఇథనాల్ లోపల ఉన్నట్టు. అంటే తగ్గిన బరువే, కాస్త ఎక్కువగా, మన సరుకు. కావలసింది ఒక మంచి త్రాసు మాత్రమే.

19 గ్రాముల చక్కెరకి 9 గ్రాములైనా తగ్గాలి. మొదటి రాత్రి బుడగలు గ్లాసులో టపటపమన్నాయి. మర్నాటికి ఆగిపోయాయి. 2.4 గ్రాములు తగ్గింది. అక్కడే ఆగింది. ఇవాళ కూడా 2.4.

ఈస్టు చచ్చిందేమోనని తీసి పంచదార నీళ్లలో వేశాం. పొంగుకొచ్చింది. బతికే ఉంది. మరి ముందు పెట్టిన చక్కెర ఎందుకు తినలేదు?

మార్చి 25

నాలుగు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక జవాబు ఇంట్లోనే, అమ్మమ్మ టీవీ పక్కనే దొరికింది. అమ్మమ్మ షుగర్ మిషన్.

డీఎన్‌ఎస్ పరీక్షకి విచక్షణ లేదు. గ్లూకోజ్ అయినా, హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అయినా, సెల్లోబయోజ్ అయినా అన్నిటికీ ఎర్రబడుతుంది. మిషన్ స్ట్రిప్పు మాత్రం గ్లూకోజ్‌నే ముఖ్యంగా పట్టుకుంటుంది. అయితే అది రక్తానికి తయారైంది, ఉత్త నీళ్లకి అంకెలు తేడాగా చూపిస్తుంది. పైగా 600 దాటితే చేతులెత్తేస్తుంది. కాబట్టి ముందు ల్యాబ్ గ్లూకోజ్‌తో, అదే బఫర్‌లో, తెలిసిన మోతాదుల్లో అయిదు ద్రావణాలు కలిపి, ఒక్కోదాన్నీ మూడుసార్లు చూసి గ్రాఫు గీశాం. తర్వాత మా ద్రావణాన్ని పదిరెట్లు పలచన చేసి, గ్రాఫులో పెట్టి చదివాం.

లీటరుకి 6 గ్రాములు. 19 కాదు, 6. ఆ 6 గ్రాములకి పూర్తిగా పులిస్తే దాదాపు 2.9 గ్రాములు తగ్గాలి. మాకు 2.4 తగ్గింది. ఈస్టు తన పని శుభ్రంగానే చేసింది, మేమే దాన్ని అనుమానించాం.

మిగతా 13 గ్రాములు ఏమిటి? కొంత జైలోజ్. అది అయిదు కార్బన్ల చక్కెర, బేకరీ ఈస్టుకి దాన్ని పులియబెట్టడం రాదు. షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ లాంటి వేరే ఈస్టులకి వచ్చు. ఎక్కువ భాగం మాత్రం సెల్లోబయోజ్ అయ్యుండాలి, రెండు గ్లూకోజ్ పూసలు ఇంకా అతుక్కుని ఉన్న ముక్క. వెయ్యి పూసల దండను తెంపుకుంటూ వచ్చి, ఆఖరి ముడి దగ్గర మా ఎంజైమ్ ఆగిపోయింది. బేకరీ ఈస్టు ఆ జంటను ముట్టదు.

స్ట్రిప్పులు 22 ఖర్చయ్యాయి. అమ్మమ్మకి కొత్త డబ్బా బాకీ.

మార్చి 27

మేడం పుస్తకం తెరవకుండానే చెప్పారు. ట్రైకోడెర్మాకి ఉన్న లోపమే అది. పొడుగు దండను బాగా తెంపుతుంది, జంటను విడదీసే బీటా గ్లూకోసిడేజ్ దాంట్లో తక్కువ. పైగా జంటలు పేరుకుంటే వాటి వల్లే మొదటి ఎంజైమ్ కూడా నెమ్మదిస్తుంది. బీటా గ్లూకోసిడేజ్ బాగా చేసేది ఆస్పర్‌జిల్లస్ నైగర్, నల్లబూజు.

నేను, పార్ట్‌నర్ ఒకేసారి ఫ్రిజ్ వైపు చూశాం.

కింద అరలోని రెండు ఫ్లాస్కుల్లో నల్లమచ్చలు. మేడం మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. చూడ్డానికి నైగర్ లాగే ఉంది. కానీ చూపుతో జాతి తేల్చకూడదు, కొన్ని బూజులు విషాలు కూడా చేస్తాయి. డిపార్ట్‌మెంట్ కల్చర్ల పెట్టెలో పేరున్న నైగర్ ట్యూబ్ ఉంది, అదే వాడమన్నారు. మా నల్లమచ్చలు ఆటోక్లేవ్‌లోకి పోయాయి. సినిమాలో అయితే అదే హీరో అయ్యేది.

ఏప్రిల్ 5

రెండు బూజుల రసం కలిపి, మళ్లీ 58 గ్రాములు, 48 గంటలు. డీఎన్‌ఎస్: 20. పెద్దగా మారలేదు. మిషన్: లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్.

ఆరు నుంచి పదమూడున్నర. కొత్తగా చక్కెర పెద్దగా పుట్టలేదు, ఉన్న జంటలు విడిపోయాయి అంతే.

ఏప్రిల్ 8

పోయింది. సీసా మూత తీస్తే పులిసిన దోసెల పిండి వాసన. లాక్టిక్ బ్యాక్టీరియా దూరింది. అదీ మన ఎండ పుణ్యమే. ల్యాబ్‌లో 38 డిగ్రీలు, ఆదివారం ఏసీ ఉండదు. ఈస్టుకి 30, 32 హాయి. 38లో ఈస్టు నీరసపడుతుంది, బ్యాక్టీరియాకి పండగ.

చల్లటి దేశాల వాళ్లు రాసిన పద్ధతుల్లో సీసాను వెచ్చగా ఉంచడం ఎలాగో ఉంటుంది. గుంటూరులో ఏప్రిల్‌లో చల్లగా ఉంచడం ఎలాగో మనమే చూసుకోవాలి. అటెండర్ బాబాయ్ ప్లాస్టిక్ టబ్బు, తడి గోనెపట్టా తెచ్చాడు. సీసాను మెడదాకా నీళ్లలో పెట్టి, చుట్టూ గోనె చుట్టి, టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. నీళ్లు 31 దగ్గర నిలబడ్డాయి. ఆయన పెద్దగా చదువుకోలేదు. మంచినీళ్ల కుండ తెలుసు, అంతే.

ఏప్రిల్ 14

మళ్లీ అదే పద్ధతిలో చేసిన ద్రావణాన్ని ఈసారి ముందు 70 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, చల్లార్చి, ఈస్టు వేశాం. పీచు వడకట్టలేదు.

వేసినప్పుడు సీసాతో కలిపి 1587.4 గ్రాములు. 12 గంటలకి 1584.9. 24 గంటలకి 1582.6. 36 గంటలకి 1581.9. 48కి 1581.8. తర్వాత కదల్లేదు.

5.6 గ్రాములు. అంటే 5.85 గ్రాముల ఇథనాల్. 13.5 గ్రాముల గ్లూకోజ్‌కి సిద్ధాంతం ప్రకారం గ్రాముకి 0.511 చొప్పున 6.9 రావాలి. 85 శాతం అందుకున్నాం.

సాయంత్రం వాచ్‌మన్ కిటికీ దగ్గర ఆగాడు. ముక్కు ఎగరేసి, "బాబూ, ఊట పెట్టారా ఏంది?" అన్నాడు. మేడం లోపలే ఉన్నారు, నవ్వాపుకోలేకపోయారు. వాచ్‌మన్ కూడా నవ్వాడు గానీ అనుమానం పూర్తిగా పోలేదు. ఇది సరదా మాట కాదు కూడా. లైసెన్సు లేకుండా బట్టీ పెట్టడం నేరం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. అందుకే మేం 100 మిల్లీలీటర్లు మాత్రం, మేడం ఎదురుగా, రిజిస్టర్లో రాసి, గాజు పరికరంలో వేరుచేసి, ఆల్కహాల్‌ని పట్టే డైక్రోమేట్ పరీక్ష చేశాం. నారింజ రంగు మెల్లగా ఆకుపచ్చ అయింది. డ్రైవర్లని ఊదించే మిషన్లు తొలిరోజుల్లో ఈ రంగు మార్పు మీదే పనిచేసేవట. త్రాసు చెప్పిందీ, రంగు చెప్పిందీ దాదాపు కలిశాయి.

ఏప్రిల్ 20

ఇవాళ లెక్కల రోజు. సంబరం తగ్గింది.

5.85 గ్రాములంటే 7.4 మిల్లీలీటర్లు. కిలోన్నర ఎండు పొడికి 110 మిల్లీలీటర్లు. మావయ్య 22 కిలోల బోదె, అమ్మ దూట పోగా, ఒక పెద్ద టీ గ్లాసు ఇథనాల్.

టన్ను ఎండు బోదెకి 74 లీటర్లు. పోలిక కోసం: హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వరిగడ్డి ఇథనాల్ ప్లాంటును 2022 ఆగస్టు 10న ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని లక్ష్యం ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్. టన్నుకి 150 లీటర్లు. దాంట్లో సగం మాకు వచ్చిందని పార్ట్‌నర్ గంతేశాడు. నేను రెండో పేజీ చూపించాను.

ఆ 7.4 మిల్లీలీటర్లకి పోసిన కాస్టిక్ 20 గ్రాములు. నీళ్లు, కడగడానికే, 8 లీటర్లు. ఆటోక్లేవ్ రెండు కిలోవాట్లది, వేడెక్కడంతో కలిపి గంటన్నర, మూడు యూనిట్లు. మా ఇథనాల్‌లో ఉన్న మొత్తం శక్తి 0.044 యూనిట్. ఒకేసారి ఆరు సీసాలు పెట్టినా లెక్క కుదరదు.

ఇంకోటి. లీటరు నీళ్లలో మా ఇథనాల్ 0.6 శాతం. కనీసం 4 శాతం ఉంటేగానీ వేరుచేయడానికి ఖర్చుపెట్టే ఆవిరి గిట్టదంటారు. మిగతా 99 శాతం నీళ్లను ఊరికే వేడిచేయాల్సి వస్తుంది. ఎంత చేసినా మామూలు బట్టీలో 95.6 శాతం దగ్గర నీళ్లు, ఇథనాల్ కలిసే ఆవిరవుతాయి. పెట్రోల్లో కలపాలంటే ఆ చివరి నీటినీ జల్లెడ లాంటి పదార్థంతో పీల్చాలి. అదంతా మా ప్రాజెక్టులో లేదు, బతికిపోయాం.

ఇదంతా ఈస్టు తప్పు కాదు. మొదటి రోజు పార్ట్‌నర్ అడిగిన ప్రశ్నకి ఇప్పుడు అంకెల్లో జవాబు ఉంది. ఈ మూడు నెలల్లో ఊట పెట్టింది నాలుగైదు రోజులు. మిగతా అంతా బోదెను బెల్లం చేయడానికే.

ఏప్రిల్ 28

రెండు మార్పులు.

ఒకటి, పలచన సమస్య. లీటరులో 58 బదులు 150 గ్రాముల పీచు ఒకేసారి వేస్తే ఉప్మాలా బిగుసుకుని షేకర్ కదల్లేదు. ఇప్పుడు 60 గ్రాములతో మొదలుపెట్టి, ఎంజైమ్ దాన్ని గంజిలా పలచబరిచాక ఇంకో గుప్పెడు, మర్నాడు ఇంకో గుప్పెడు వేస్తున్నాం. అమ్మ సంకటి కెలికే పద్ధతే, తలకిందులుగా. నాలుగో రోజుకి లీటరుకి 29 గ్రాముల గ్లూకోజ్. 4 శాతం ఇథనాల్ ఇంకా దూరమే.

రెండోది, కాస్టిక్. దానికి బదులు సున్నం. పిడుగురాళ్ల దగ్గరే ఉంది, చవక, మిగిలినా నేలకి కాస్టిక్ అంత హాని చేయదు. ఎండు పొడిలో పదో వంతు సున్నం, నీళ్లు, నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము, డాబా మీద ఎండ. ఉడికించం. సున్నానికి ఓపిక ఎక్కువ, రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యాహ్నం డ్రమ్ములో థర్మామీటర్ పెడితే 52. ఆటోక్లేవ్‌కి కట్టే కరెంటు బిల్లు సూర్యుడు కడుతున్నాడు.

మే 12

మొన్నటికి పద్నాలుగు రోజులయింది. డ్రమ్ములోంచి మునుపటంతే తీసి కడిగాం. మూడు లీటర్లలో కడుగు తేలింది, ఎనిమిది పట్టలేదు. వేళ్ల మధ్య నలిపితే పీచు విడుతోంది గానీ కాస్టిక్ దానంత మెత్తగా లేదు. ఎంజైమ్ వేసి రెండు రోజులు ఉంచాక మిషన్‌లో గ్లూకోజ్ లీటరుకి 8. అంటే కాస్టిక్ ఇచ్చిన 13.5లో ముప్పాతిక కూడా కాదు. కానీ ఈ 8 గ్రాములకి ఉడికించడానికి ఒక్క యూనిట్ కూడా కాల్చలేదు. రెండు అంకెల్లో ఏది రిపోర్టు మొదటి పేజీలో పెట్టాలో మేడంకీ నాకూ ఇంకా వాదన నడుస్తోంది. నాది 8 వైపు.

ఇంకో వారం ఎండ తగలనిస్తే పెరుగుతుందేమో చూడాలి. వాన పడకపోతే.

రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, ఇంకో నాలుగు గెలలు దిగినయ్యి. బోదెలు పంపమంటావా?"

"ఒకటి చాలు మావయ్యా. అక్కడే పట్టలు విప్పి ఎండబెట్టి పంపు. నీళ్లు తోటలోనే ఉండనీ."

"దూట?"

ఫోన్ అమ్మకిచ్చాను.